ఒళ్లో చేతులు

సూరత్‌లో మాకు పాలియేటివ్ కేర్, అంటే నయంకాని రోగులకు నొప్పి తగ్గించే వైద్యం నేర్పిన మేడమ్, రోగి ఇంట్లో చాప మీద కూర్చోగానే చేతులు రెండూ ఒళ్లో పెట్టుకునేవారు. అంత పెద్ద డాక్టరు అలా ఊరికే కూర్చోవడమేమిటని మొదట్లో నాకు చిరాకు వేసేది. అది ఆవిడ పద్ధతి. నర్సు, ఫిజియో, మెడికల్ విద్యార్థులం, ఎంతమందిమి వెళ్లినా ఒక్కరే అడగాలి, మిగతావాళ్లు వినాలి. "ఒకే నొప్పిని ఆయన నలుగురికీ చెప్పుకోవాలా?" అనేవారు హిందీలో.

ఊరి శివార్లలోని డిండోలిలో, పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడిపిన తెలంగాణ పెద్దాయన కాన్సర్‌తో మంచం పట్టాడు. ఆ రోజు అడిగే వంతు నర్సుది. నేను తెలుగుదాన్నని తెలియగానే ఆయన నా వైపు తిరిగాడు.

"బిడ్డా, జర నిజం చెప్పు. మళ్ల సాంచాల కాడికి పోతనా?"

మేడమ్ వైపు చూశాను. ఆవిడకు తెలుగు రాదు. నా ముఖం చూశాక, ఆయన ఏమడిగాడో తెలిసే ఉంటుంది. అయినా ఆ చేతులు ఒళ్లోంచి కదల్లేదు. నర్సు మాత్రం ఆయన వీపు మీద చెయ్యి వేసింది.

"పోలేవు పెద్దనాయినా. నొప్పి తగ్గేటట్టు చూస్తం. మేం వస్తనే ఉంటం," అన్నాను నేను.

ఆయన భార్యతో, "అందరికి చాయ్ పెట్టు," అన్నాడు.

బయటికి రాగానే, ఆయన అడిగింది, నేనన్నది చెప్పాలని మేడమ్ దగ్గరికి పరుగెత్తాను.

"నాకొక్కదానికే చెప్పకు. అందరినీ వ్యాన్ ఎక్కనీ," అన్నారు. "రేపు ఆయన మనలో ఎవరిని అడిగినా ఇదే జవాబు రావాలి."

అందరం వ్యాన్ ఎక్కాం. తాళం తిప్పబోయిన డ్రైవర్‌ని ఆపి, ఆవిడ నా వైపు తిరిగి మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"ఇప్పుడు చెప్పు."