ఎర్రదీపం ఆర్పని పోలారావుగారు

పోలారావుగారు ఇక లేరన్న కబురు మొన్న పొద్దున వాళ్ళమ్మాయి లింగంపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రమే నాతో టీ తాగి, చక్కెర తక్కువైందని హోటలువాడితో తగువు పెట్టుకున్న మనిషి! ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట నా తలకెక్కలేదు. తెలంగాణ కోసం జరుగుతున్న బంద్ వల్ల బస్సులు లేవు, రైళ్ళు లేవు. పుట్టిన సముద్రతీరానికి ఆ దేహాన్ని చేర్చే దారి లేక ఇక్కడే దహనం చేశాం. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి.

మాదాపూర్‌లోని మా ఐటీ భవనానికి రాకముందు ఆయన శ్రీకాకుళం తీరాన లైట్‌హౌస్ కాపరి. యౌవనమంతా ఆ దీపస్తంభం మెట్ల మీదే గడిచింది. రిటైరయ్యాక కూతురి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోవడం చేతకాక మా దగ్గర మెయింటెనెన్స్‌లో చేరారు. నేను నల్లగొండవాణ్ణి, ఆ భవనంలోనే ఎలక్ట్రీషియన్ని. జనరేటర్లూ లిఫ్టులూ మా అందరి బాధ్యత. ఆకాశంలో వెళ్ళేవాళ్ళకు భవనం కనబడేలా పైకప్పు మీద వెలిగే ఎర్రదీపాన్ని మాత్రం ఆయన ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

లైట్‌హౌస్‌లో పగటిపూట అద్దాల చుట్టూ తెర దించుతారట. లేకపోతే ఆ పెద్ద అద్దాల్లోంచి ఎండ పడి లోపల నిప్పు అంటుకుంటుందట. మా బుడ్డ దీపానికి ఆ ప్రమాదమేమీ లేదు. అయినా అలవాటు పోక, రోజూ పొద్దున్నే దానికి ఒక తువ్వాలు చుట్టేవారు. "ఏంది సార్, దీపానికి వడదెబ్బ తగుల్తదా?" అని మేం ఆటపట్టిస్తే, "నవ్వండి బాబూ, నవ్వితే అరుగుతుంది" అనేవారు. సాయంత్రం తువ్వాలు విప్పి, గాజు తుడిచి, పొద్దు గుంకకముందే స్విచ్ వేసేవారు. అది వెలిగేదాకా టీ చుక్క ముట్టేవారు కాదు. "చీకటి పడ్డాక వెలిగించడం పని కాదు బాబూ, కంగారు" అన్న ఆయన మాట ఇప్పటికీ మా మధ్య సామెతలా నడుస్తోంది.

కిందటి నెల, ఉద్యమానికి మద్దతుగా సాయంత్రం గంటసేపు దీపాలన్నీ ఆర్పమని పిలుపు వచ్చింది. మా భవనంలో ప్రతి అంతస్తూ తిరిగి పోలారావుగారే అన్నీ ఆర్పారు. వీధి వీధంతా చీకటైంది. మా నెత్తిన ఎర్రదీపం ఒక్కటే మిగిలింది. కాసేపటికి గేటు ముందు జనం పోగయ్యారు. "గా లైటు బంద్ చెయ్యుండ్రి!" అని కేకలు. మేనేజరు ఫోన్ చేసి వెంటనే ఆర్పెయ్యమన్నాడు. పైకప్పు మీద మేమిద్దరమే ఉన్నాం.

"గంటసేపే కద సార్, ఆర్పుదాం. నాక్కూడ తెలంగాణ కావాలె" అన్నాను.

"కావాలి బాబూ, ఎవరొద్దన్నారు? మన దీపాలన్నీ ఆర్పేశాం కదా. ఇది మనది కాదు, పైన పోయేవాడిది" అన్నారు.

ఊరేగింపుల మీద ఆ రోజుల్లో ఒక హెలికాప్టరు తిరుగుతుండేది. ఆయన దిగులంతా దాని గురించే. అంతలో కింద సెక్యూరిటీ గది అద్దం భళ్ళున పగిలింది. పోలారావుగారు చెప్పులు తొడుక్కుని మెట్లు దిగడం మొదలుపెట్టారు. నేనూ వెంట వెళ్ళాను.

గేటు దగ్గర ముందు నిలబడ్డవాడు యూనివర్సిటీ విద్యార్థి. నినాదాలతో గొంతు బొంగురుపోయింది.

"ఆంధ్రోనివా?"

"అవునండి."

"గందుకేనా ఆర్పుతలేవు?"

"కాదండి. మా ఊళ్ళో ఉన్నా ఆర్పను. పైకి రండి. ఆర్పాలనిపిస్తే మీ చేత్తోనే ఆర్పండి, నేను అడ్డు రాను."

వెనక ఎవరో కర్ర ఎత్తారు. ఆ అబ్బాయి చెయ్యి అడ్డుపెట్టి ఆపి, మా వెంట వచ్చాడు. లిఫ్టులు ఆపేసి ఉన్నాయి. చీకట్లో గోడ తడుముకుంటూ ముగ్గురం ఎక్కాం. పైన అతను స్విచ్ మీద చెయ్యి వేశాడు. పోలారావుగారు అన్న మాట ప్రకారం పక్కకు జరిగి నిలబడ్డారు. అప్పుడే గచ్చిబౌలి వైపు నుంచి రొద వినిపించింది. హెలికాప్టరు నల్లటి భవనాల మీదుగా తిన్నగా మా మీదికే వచ్చి, ఎర్రదీపాన్ని చూసి కాబోలు, పక్కకు ఒరిగి వెళ్ళిపోయింది. ఆ గాలికి మా చొక్కాలు ఎగిరాయి.

"అమ్మో, గింత దగ్గర్నా!" అంటూ ఆ అబ్బాయి చెయ్యి తీసేశాడు. కిందికి వెళ్ళి, "ఉండనీయుండ్రి, నేను చూసిన. గది ఉండాలె" అని నచ్చజెప్పాడు. జనం గొణుక్కుంటూ కదిలారు.

వాళ్ళు వెళ్ళాక పోలారావుగారు మెట్ల మీద కూలబడ్డారు. "భయమేసింది బాబూ. కొడతారనుకున్నాను" అన్నారు. "మరి ఆంధ్ర అని ఎందుకు చెప్పిన్రు సార్?" అంటే, "అడిగాడు కదా" అన్నారు.

రేపు సాయంత్రం మళ్ళీ దీపాలు ఆర్పమని పిలుపు వచ్చింది. నా ఇంట్లో నేనే ముందు ఆర్పుతాను. భవనం మీది ఎర్రదీపం ఒక్కటి మాత్రం వెలుగుతుంది, గేటు దగ్గర నేను నిలబడతాను. జనం వచ్చి నీది ఏ ఊరని అడిగితే నల్లగొండ అంటాను. నన్నెవరూ అనుమానించరు, నామీద కర్ర ఎత్తరు. నేను చెయ్యబోయేది చాలా తేలికైన పని. ఆయన ఆ రాత్రి "అవునండి" అని నిలబడ్డారు. ఆ మాట అనగల మనిషిని మేం పోగొట్టుకున్నాం. ఆ మహానుభావుడికి చేతులెత్తి మొక్కుతున్నాను.