ప్రభ కట్టే చేత్తో జీపుకు లైట్లు

యల్లమంద కడుపులో ఉండగానే అతని పేరు ఖాయమైపోయింది. మొదటి ఇద్దరు బిడ్డలూ దక్కకపోయేసరికి వాళ్ళమ్మ కోటప్పకొండ మెట్లన్నీ తడిబట్టలతో ఎక్కి, "ఈ బిడ్డ నిలిస్తే నీ కొండ కిందున్న ఊరి పేరే పెట్టుకుంటాను తండ్రీ" అని మొక్కుకున్నది. బిడ్డ నిలిచాడు. నిలవడమే కాదు, ఆరడుగుల ఎత్తు పెరిగి ఆ ఎత్తుకు తగ్గ మీసం కూడా పెంచాడు. పొద్దున్నే ఆ మీసానికి ఆముదం రాసి, రెండు కొసలూ మెలితిప్పి, ఆ తర్వాతే నుదుటికి విభూతి పెట్టుకునేవాడు.

"ముందు దేవుడయ్యా, తర్వాత మీసం" అని పెళ్ళాం రోశమ్మ అనేది.

"ఇదీ ఆయనిచ్చిందేగదే" అనేవాడు యల్లమంద.

గురజాలకు ఆరు మైళ్ళ లోపలున్న రాళ్ళపాడు అతని ఊరు. ఏటా శివరాత్రికి ఆ ఊరి ప్రభ కోటప్పకొండకు కదిలితే, దాని మీద వెలిగే ప్రతి బల్బూ యల్లమంద చేతి మీదుగా ఎక్కినదే. సరుగుడు బాదులూ వెదుళ్ళూ ఆకాశానికి ఎత్తి కట్టి, రంగుగుడ్డలు చుట్టాక, చిన్న చిన్న బల్బులను దండలో పూలు గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి తీగకు గుచ్చి, పై నుంచి కింది దాకా వేలాడదీసేవాడు. జనరేటరు తిప్పి స్విచ్చి నొక్కితే ఊరంతా ఒక్క గొంతుతో "చేదుకో కోటయ్యా" అని అరిచేది. ఆ అరుపు విన్నప్పుడల్లా అతని మీసం ఇంకో అంగుళం లేచేది.

మిగతా ఏడాదంతా అతని బతుకు జీపు. మిలటరీ వాళ్ళు వేలంలో అమ్మేసిన పాత జీపును ఎనభై రెండులో కొని, వాగు అవతల ఉన్న నాపరాళ్ళ క్వారీకి పన్నెండు మంది ఆడకూలీలను పొద్దున దించి, సాయంత్రం తెచ్చేవాడు. అది రోడ్డు కాదు. కొంత దూరం నల్లరేగడి, కొంత దూరం బండరాళ్ళు, నడుమ వాగు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు వాగు దగ్గర అడగకుండానే బండి ఆపేవాడు. ఆడవాళ్ళు రాతిదుమ్ము కడుక్కునేదాకా అటు తిరిగి, పనేమీ లేకపోయినా రేడియేటరు మూత తీసి చూస్తూ నిలబడేవాడు. బాలింత ఉన్న ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే హారన్ మోగించేవాడు కాదు. ఇవన్నీ ఎవరూ నేర్పినవి కావు.

ఎనభై నాలుగు కార్తీకంలో జరిగిందీ సంగతి. పొద్దు పొట్టిదయింది. క్వారీ వదిలేసరికే మసకచీకటి. జీపుకున్న రెండు లైట్లూ ముసలివై చత్వారం పట్టాయి. ఒక శుక్రవారం సాయంత్రం ముందు చక్రం గుంటలో దిగబడి, పన్నెండు మందీ ఒకరి మీద ఒకరు పడ్డారు. వెంకమ్మ సద్దిక్యారేజీ మూడు గిన్నెలుగా విడిపోయి మూడు దిక్కులకు దొర్లింది.

వెంకమ్మ ఆ జట్టుకు పెద్ద. యాభై ఏళ్ళ మనిషి. సుత్తి కంటే నోరు గట్టిది.

"ఒరేయ్ యల్లమందా, మిణుగురు పురుగుల్ని పట్టి సీసాలో ఏసి కట్టినా ఇంతకంటే ఎలుగొచ్చుద్ది గదరా!"

"ఫోకస్ లైట్లు పెట్టిస్తాలే అత్తా."

"ఎప్పుడు? మేం వాగులో పడి కోటయ్య దగ్గిరికి పోయినాకనా? గురజాల పోయి ఆ కరీముల్లా చేత పెట్టించు."

కరీముల్లాకు గురజాల బస్టాండు పక్కన బ్యాటరీల కొట్టు ఉంది. ఆ చుట్టుపక్కల లారీలకూ ట్రాక్టర్లకూ కరెంటు పనులన్నీ ఆయనవే. ఆ పేరు వినగానే యల్లమందకు రోషం వచ్చింది.

"రెండు వేల బల్బుల ప్రభ కట్టినోణ్ణి అత్తా నేను! రెండంటే రెండు లైట్లకు ఇంకోడి కొట్టు గడప తొక్కమంటావా? నేనే బిగిస్తా. సోమవారం సాయంత్రం మీరు క్వారీ కాడ ఎక్కేసరికి ఎలుగుతుంటయ్."

"ఎలక్కపోతే?"

యల్లమంద మీసం మీద చెయ్యి వేశాడు. వెయ్యకుండా ఉండాల్సింది.

"గొరిగించుకుంటా."

పదకొండు మందీ గొల్లుమన్నారు. వెంకమ్మ మాత్రం నవ్వలేదు. "ఇంకో మనిషి చెయ్యి ఆ వైర్ల మీద పడగూడదు మరి. పడిందా, పందెం నాదే. ఎలిగితే ఈ కార్తీకమంతా నిన్నొక్క మాట అన్ను" అన్నది. వెంకమ్మ నెలరోజులు నోరు మూసుకోవడమంటే మీసం కంటే పెద్ద పందెమే.

శనివారం యల్లమంద చిలకలూరిపేట హైవే మీదకు పోయి, పాత లారీ సామాన్ల కొట్లో రెండు పెద్ద లైట్లు ఏరుకొని గోతంలో వేసుకొచ్చాడు. గురజాలలో బస్సు మారేటప్పుడు కరీముల్లా కంట పడనే పడ్డాడు.

"గోతంలో ఏంది తమ్ముడూ?"

"పుచ్చకాయలు భాయ్."

"కార్తీకంలో పుచ్చకాయలా! అల్లా దయ. పగిలిపోయేను, జాగర్త" అని కరీముల్లా గడ్డం నిమురుకుంటూ లోపలికి పోయాడు.

ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, జీపుకు పసుపు కుంకుమ పెట్టి పని మొదలుపెట్టాడు. ముందుగా బంపరు మీద అడ్డంగా ఒక టేకు చెక్క బిగించాడు. చెక్కకు బరమాతో కంతలు వేసి లైట్లు కూర్చోబెట్టాడు.

రోశమ్మ చెక్క కొస పట్టుకొని అడిగింది. "ఇనప జీపుకు చెక్కెందుకయ్యా?"

"ఇనుముకు తగిలితే కరెంటు పాకుద్దే. ప్రభ మీద ఇట్టాంటి తప్పు జేస్తే మనిషి ఎగిరి పడతాడు."

బ్యాటరీ నుంచి తీగ లాగాడు. ప్రభల సామాన్ల పెట్టెలోంచి నల్ల స్విచ్చి ఒకటి తీసి స్టీరింగు కింద బిగించాడు. అక్కడి నుంచి మొదటి లైటుకు, మొదటి లైటు నుంచి రెండోదానికి, రెండోదాని నుంచి తిరిగి బ్యాటరీకి తీగ తిప్పాడు. పూలు గుచ్చినట్టు గుచ్చాడు. ముడులు చూసి మురిసిపోయాడు.

దీపాల వేళకు పన్నెండు మందీ వాకిట్లోకి దిగారు. గడపల మీద కార్తీక దీపాలు పెట్టి అటు నుంచి అటే వచ్చారు. వెంకమ్మ చేతిలో ప్రమిద ఇంకా అలాగే ఉంది. యల్లమంద అందరినీ ఒకసారి చూసి, "చేదుకో కోటయ్యా" అని స్విచ్చి నొక్కాడు.

లైట్లు వెలిగాయి. వెలిగాయంటే, పొయ్యి ఆర్పాక బూడిదలో మిగిలే కణికల్లాగ ఎర్రగా రెండు చుక్కలు.

వెంకమ్మ నెమ్మదిగా నడిచిపోయి తన ప్రమిదను ఆ చెక్క మీద, రెండు లైట్ల నడుమ పెట్టింది. వాకిలికి కాస్త వెలుగొచ్చింది.

"ఇప్పుడు కనపడతన్నయ్ రా నీ లైట్లు" అన్నది.

ఆ నవ్వులకు పక్కింటి గేదె తాడు తెంపుకున్నంత పనయింది. "గడువు రేపు సాయంత్రం దాకా ఉందిగదా!" అని యల్లమంద గొంతు చించుకున్నాడు. ఆ రాత్రి నిద్రలో రెండుసార్లు మీసం తడుముకున్నాడని రోశమ్మ తర్వాత అందరికీ చెప్పింది.

సోమవారం కూలీలను క్వారీ దగ్గర దించి, బండిని రాళ్ళగుట్ట చాటుకు పెట్టి, దాని కింద దూరాడు. బ్యాటరీ మార్చాడు, బల్బులు అటూ ఇటూ మార్చాడు, ముడులన్నీ విప్పి మళ్ళీ వేశాడు. అవే కణికలు. మధ్యాహ్నానికి ఒక లూనా వచ్చి ఆగిన చప్పుడయింది. బండి కింద నుంచి చూస్తే తెల్ల పైజమా, తోలు చెప్పులు.

"ఇంట్లో నేలకు పరవడానికి నాపరాళ్ళు చూద్దామని వచ్చా తమ్ముడూ" అన్నాడు కరీముల్లా. "పుచ్చకాయలు పండినయ్యా?"

యల్లమంద బయటికొచ్చి మట్టిచేతులతో నిలబడ్డాడు. "వైర్ల మీద చెయ్యి ఎయ్యమాక భాయ్. మీసం పోద్ది."

"అదిగో, చేతులు వెనక్కి కట్టుకున్నా." కరీముల్లా నిజంగానే చేతులు వెనక్కి పెట్టుకొని, వంగి, తీగ వెంట కళ్ళను నడిపించాడు. నవ్వలేదు. అది ఆయన మంచితనం. నవ్వడానికి అక్కడ బోలెడంత ఉంది.

"మీ ఆవుకు కవలదూడలు పుడితే పాలెట్టా తాపుతావు?"

"చెరో చన్నుకూ వదుల్తా."

"ఒకటి తాగి, దాని నోట్లో మిగిలింది రెండోదానికి పోయాలని చూడవుగదా?"

యల్లమంద బిత్తరపోయి చూశాడు.

"నువ్వు చేసిందదే. ప్రభ మీద జనరేటరు కరెంటు ఏనుగంత. బుడ్డ బల్బులు వరసగా నిలబడి తలా కాస్త పంచుకోకపోతే మాడిపోతయ్. ఇక్కడ ఉంది ఒక బ్యాటరీ, పన్నెండు వోల్టులు. ఇద్దరు ఆకలిగొన్నోళ్ళకు ఒకే ముద్ద పెట్టినావు. ఒక్కోదానికీ స్విచ్చి కాణ్ణించి విడిగా తీగ ఇయ్యి. రెండో తీగ బ్యాటరీ దాకా లాగే పన్లేదు. రంగు గీకి బంపరుకే బిగించు. జీపు ఒళ్ళంతా ఒక వైరే, బ్యాటరీ రెండో కొస దానికే కట్టుంది."

"ఇనుముకు కరెంటు పాకదా భాయ్?"

"పాకాలనేగదా! పన్నెండు వోల్టులకు చీమ గూడా చావదు." లూనా సంచిలో నుంచి లావుపాటి తీగచుట్ట తీసి బండ మీద పెట్టాడు. "ఇది నా సంచిలోంచి జారి పడిపోయింది. నీకు దొరికింది." నాపరాళ్ళ వైపు చూడనైనా చూడకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం పన్నెండు మందీ సుత్తులు భుజాన వేసుకొని వచ్చారు. సోమవారం ఉపవాసాలతో ముఖాలు వాడిపోయి ఉన్నాయి. వెంకమ్మ ఒకామెను "మంగలికి చెప్పొచ్చినావా?" అని గట్టిగానే అడిగింది.

యల్లమంద స్విచ్చి నొక్కాడు.

వాగు దాకా దారి తెల్లగా పరుచుకుంది. గులకరాయి గులకరాయిగా కనిపించింది. తుమ్మచెట్టు మీద నిద్రకు చేరిన కొంగలు తెల్లారిందనుకొని లేచాయి. ఆడవాళ్ళు సుత్తులు కింద పడేసి, ప్రభ వెలిగినప్పుడు అరిచినట్టే "చేదుకో కోటయ్యా!" అని అరిచారు. ఇంటిదాకా ఒక్క చక్రమూ గుంటలో పడలేదు. వెంకమ్మ దారంతా ఒక్క మాటా అనలేదు. దిగేటప్పుడు మాత్రం దీపాలకు దణ్ణం పెట్టుకొని పోయింది.

గెలిచినవాడికి అన్నం సయించలేదు.

"మళ్ళీ ఏమయింది?" అన్నది రోశమ్మ.

"చెయ్యి పడలేదే. మాట పడింది" అన్నాడు. జరిగిందంతా చెప్పి, కంచం పక్కకు జరిపాడు. "కార్తీక సోమవారం, ఉపాసంతో ఉన్న ఆడోళ్ళను మోసం జేసినట్టుందే."

మంగళవారం మంగలి ఎవరికీ క్షవరం చెయ్యడని, పొద్దున్నే తనే అద్దం ముందు కూర్చున్నాడు. రోశమ్మ "మంగళవారం వద్దయ్యా" అంటున్నా వినలేదు. తర్వాత జీపు తెచ్చి జట్టు ముందు ఆపాడు. మీసంలో కుడి సగం ఎప్పట్లాగే ఆముదంతో నిగనిగలాడుతూ మెలితిరిగి ఉంది. ఎడమ సగం నున్నగా ఉంది.

ఆడవాళ్ళు నవ్వలేక ఒకరి భుజాలు ఒకరు పట్టుకొని కూలబడ్డారు.

"బిగించింది నేను, సగం గెలిచా. చెప్పింది కరీముల్లా భాయ్, సగం ఓడా" అన్నాడు యల్లమంద. ముక్కు కింద గాలి కొత్తగా తగులుతోంది. "నాకు తెలవకుండానే ఆయన రాళ్ళకని వచ్చాడు అత్తా. నీకు చెప్పకపోతే నాకు ముద్ద దిగలా."

వెంకమ్మ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "రాళ్ళా నీ మొహమా! సోమారం తెల్లారగట్ల పాలోడితో ఆయనకు కబురు పెట్టింది నేనురా పిచ్చి నాయనా."

"నువ్వా! పందెం కాసిందే నువ్వు గదా!"

"పందెం పందెమే. చీకట్లో వాగు దాటాల్సింది మేమేగదా. నీ జీపు మూలబడితే ట్రాక్టరెక్కాలి, ఆ ట్రాక్టరోడు నీలాగా మా కట్టెలమోపులు ఎక్కించుకుంటాడా? వాగు కాడ అడక్కుండా ఆపుతాడా?" అన్నది. తర్వాత కాస్త తగ్గి, "కబురు పెట్టింది నేనేగా, పందెం వొట్టిదే. రేపు ఆ రెండో పక్క గూడా తీసెయ్యి, మళ్ళీ సమానంగా మొలుచుద్ది" అన్నది.

"తియ్యను. నేను గెలిచిన సగం అది" అన్నాడు యల్లమంద.

రోజూ డ్రైవరుకు ఎడమ పక్కన ముందు సీటు వెంకమ్మది. ఆ రోజు ఒక కాలు పైకి పెట్టి, ఆ నున్నటి పక్కను దగ్గర్నుంచి చూసి, కాలు దించేసింది.

"ఇది చూస్తా పోతే క్వారీ చేరేసరికి నవ్వీ నవ్వీ ఊపిరాగి చస్తా" అని పోయి వెనక ఎక్కి కూర్చుంది.