గాలికి వీపు తిప్పిన మంద

ఆ ఏడు వానాకాలం అయిపోయిందని మా ఇంట్లో చెప్పింది నేనే.

ఉదయగిరి లైబ్రరీలో పేపరు చదివి వచ్చి, వసారాలో కూర్చున్న మా మామకు చెప్పాను. "వెళ్లిపోయినాయంట" అంటే సరిపోయేది. కానీ పేపర్లో ఉన్నట్టే "ఈశాన్య రుతుపవనాలు నిష్క్రమించాయి" అన్నాను. ఆ మాట నాకు బాగా నచ్చింది. మామ ఆకాశం వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. మర్నాడు పొద్దున్నే గొర్రెల కొట్టం మీది పట్ట విప్పి, పొగాకు మీద కప్పుకుంటామని అడుగుతున్న పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. కొత్తగా ఈనిన గొర్రెలను కూడా పిల్లలతో సహా దూరం బీళ్లకు తోలుకుపోవడం మొదలుపెట్టాడు.

మామ అంటే మా ఆయన తండ్రి, మా అమ్మకు అన్న. మా ఆయన బయటూరు పనుల్లో ఉంటాడు. చిన్నప్పటి నుంచీ ఆయన ఒళ్లో పెరిగాను కనుక పెళ్లయ్యాక కూడా ఆయన్ని నువ్వు అనే అన్నాను. నా బడి ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఆ తర్వాత నాకు వచ్చినదంతా లైబ్రరీ నుంచి వచ్చిందే. ఉదయగిరిలో కథల బీరువా రెండుసార్లు చదివేశాక ఆత్మకూరు లైబ్రరీలో కూడా కార్డు తీసుకున్నాను. రెండు ఊళ్ల కార్డులున్న మనిషి మా పల్లెలో నేనొక్కదాన్నే. జాకెట్లు కుడతాను కనుక అస్తరు గుడ్డకూ హుక్కులకూ పదిహేను రోజులకోసారి ఆత్మకూరు వెళ్లే పని ఎటూ ఉంటుంది.

అప్పుడు నేను చదువుతున్నది మంచు దేశంలో గొర్రెలు కాసేవాళ్ల గురించి. అట్టలు ఊడిపోయిన పుస్తకం, ఎవరు రాశారో కూడా తెలియదు. సాయంత్రం కూడు తిన్నాక కొంచెం కొంచెం మామకు చదివి వినిపించేదాన్ని. అందులో ఒక ముసలి కాపరి. చలికాలం పోయిందనుకుని అందరూ గొర్రెలను కొండకు తోలిన వారానికి, కాలం కాని కాలంలో మంచు తుఫాను వస్తుంది.

"మంచంటే పొద్దున పడేదేనా?" అన్నాడు మామ.

"అది కాదు మామా. ఫ్రిజ్జులో గోడలకు పేరుకుంటుందే, అట్టాంటిది. నడుములోతు పడతాది."

"గొర్రెలు చచ్చిపోవా?"

"వాటికి జానెడు ఉన్ని ఉంటాదంట. గాలి కొడితే గాలికి వీపు తిప్పి, అది ఎటు తోస్తే అటు పోతానే ఉంటాయంట. ఏదన్నా గోడ అడ్డమొస్తే ఆడ నిలబడిపోతాయంట."

మామ పక్కన పడుకున్న గొర్రె డొక్క నిమిరాడు. మా నెల్లూరు గొర్రెలకు ఉన్ని ఉండదు, మేకలకు మల్లే పొట్టి వెంట్రుకలే. "మనయ్యి చొక్కా లేనోళ్లు" అన్నాడు.

ముసలి కాపరి గొర్రెలను వెతుక్కుంటూ మంచులోకి వెళ్లి తిరిగి రాలేదు. ఆ అధ్యాయం అక్కడ ఆగింది. సరిగ్గా అప్పుడే పుస్తకం గడువు ముగిసింది. శనివారం ఆత్మకూరు బయల్దేరుతుంటే మామ మందను తోలుకుపోతూ దారిలో నిలబడి మరీ చెప్పాడు. "ఆ ముసలోడు దొరికిందాకా పుస్తకం ఇచ్చేసి రామాక."

గడువు పెంచుకుని బస్టాండుకు వచ్చేసరికి ఆకాశం నల్లబడింది. వెళ్లిపోయిందనుకున్న తుఫాను సముద్రంలో మళ్లీ ఇటు తిరిగిందని టీకొట్టు దగ్గర అనుకుంటున్నారు. బస్సు ఊరు దాటిందో లేదో వాన. మా వైపు వానలో చలి తెలియదు. ఆ రోజు వాన మాత్రం ఒంటికి తగిలితే పళ్లు కొట్టుకున్నాయి. మధ్యాహ్నం మూడింటికే డ్రైవరు లైట్లు వేశాడు. కిటికీ అద్దాలు సగానికి మించి కిందికి దిగలేదు, జల్లు లోపలికి కొడుతోంది. పుస్తకాన్ని అస్తరు గుడ్డలో చుట్టి, దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్లో పట్టుకున్నాను.

పక్క సీట్లో కూర్చున్న వింజమూరు ఆమె నవ్వింది. "ఏంది పాపా, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావే. ఏముండాది దాంట్లో, బంగారమా?"

"పుస్తకం."

"ఓయమ్మ! తడిస్తే ఎండబెట్టుకోవచ్చులే. ముందు నువ్వు ముసుగేసుకో."

నేను నవ్వలేకపోయాను. అత్తకు ఫోన్ చేశాను.

"మామ వచ్చినాడా?"

"యాడొచ్చినాడు! ఫోను ఇంట్లోనే పెట్టి పొయ్యినాడు" అని, "వానలు పొయినాయని చెప్పినావు కదమ్మే" అంది అత్త. తిట్టినట్టు అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మా పల్లెకు ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రోడ్డుకు అడ్డంగా తుమ్మచెట్టు పడి ఉంది. కండక్టరు తల బయటపెట్టి చూసి, "గొడ్డలి ఉన్నోళ్లు దిగండి, లేనోళ్లు దేవుణ్ణి తలుచుకోండి" అన్నాడు. నేను రెండూ చేయకుండా దిగి నడిచాను. గొడుగు తెరిస్తే గాలి దాన్ని చేతిలోంచి లాక్కుని పడమటి పొలాల్లోకి తీసుకుపోయింది. అది ఎటు పోయిందో అప్పుడు చూశానే గానీ, దాని గురించి ఆలోచించలేదు.

అత్త వాకిట్లో గోతం తల మీద కప్పుకుని నిలబడి ఉంది. మగవాళ్లు నలుగురు మామను వెతకడానికి కొండ కిందికి వెళ్లారట. "పెద్ద గుండ్ల చాటుకు తోలుంటాడు. వానొస్తే ఎప్పుడూ ఆడికే" అంది. మామ పొద్దున తోలుకుపోయింది ఊరికి పడమర బీడు. గుండ్లు దానికి తూర్పున, ఊరి వైపే, కొండ కింద ఉంటాయి. అప్పుడు నాకు పడమటికి ఎగిరిపోయిన గొడుగు గుర్తొచ్చింది.

"గుండ్ల కాడికి పోవాలంటే గాలికి ఎదురు నడవాలత్తా. గొర్రెలు నడవవు. గాలి తోసినట్టే ఇంకా పడమరకు, వాగు వైపు పొయ్యుంటాయి."

"ఎవురు చెప్పినారు?"

నేను చేతిలోని కవరును గడప లోపల పెట్టాను.

"పుస్తకమా? మొన్న చెప్పింది పేపరు, ఇప్పుడు పుస్తకం."

నాకు ఏడుపొచ్చింది. మామ ఆకాశాన్ని నమ్మకుండా నన్ను నమ్మాడు. అరవై దాటిన మనిషి, ఒంటి మీద తువ్వాలు తప్ప ఏమీ లేదు. వాగు నిండినా గొర్రెలు ఆగవు, గొర్రెలను వదిలి మామ రాడు. అత్త నా మొహం చూసి ఏమనుకుందో, ఇంట్లోకి వెళ్లి ఇంకో రెండు గోతాలు తెచ్చి ఒకటి నా నెత్తిన కప్పింది. "పద. వాగన్నా చూద్దాం" అంది.

గాలి మా వీపు మీద ఉంది. దాన్నే దారి అనుకుని నడిచాం. బురదలో చెప్పులు కూరుకుపోతే వదిలేశాం. వాగు హోరు వినపడుతున్న చోట పొగాకును వేడికి ఆరబెట్టే పాత బ్యారన్ ఒకటుంది. కప్పు కూలిపోయి మట్టిగోడలు మాత్రం మిగిలాయి. అక్కడ పొట్టేలు మెడగంట వినపడింది.

మంద గోడ చాటున ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంది. గోడ అయిపోయిన చోట ఒక పక్క బండరాళ్లు. ఇంకో పక్క మనిషి పట్టేంత సందు, దాని వెనక వాగు. ఆ సందులో మామ రెండు చేతులూ చాపి, కర్ర అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు ఒంటి మీద లేదు. మమ్మల్ని చూసి కూడా చేతులు దించలేదు.

"వచ్చినారా? ఈ పక్క నిలబడండి. చేతులు పడిపొయినాయి" అన్నాడు.

నేను వెళ్లి ఆయన స్థానంలో చేతులు చాపాను. అత్త గోతంతో ఆయన వీపు రుద్దుతూ తిట్టడం మొదలుపెట్టింది. "గొర్రెలతో పాటు వాగులో పోదామనుకున్నావా? ఫోనెందుకు నీకు, పూజకా?"

"తడిస్తే చెడిపోద్దని పెట్టినా" అన్నాడు మామ. తర్వాత నా వైపు తిరిగాడు. "ఈడుంటానని ఎట్ట కనుక్కున్నావు?"

చెప్పాను. మామ వణుకుతూనే నవ్వాడు. "గాలికి వీపు తిప్పతాయని రాసినాడా? అయితే ఆ రాసినోడు గొర్రెలు కాసినోడే."

గోడ మూలన ఆయన తువ్వాలు పరిచి ఉంది. దాని కింద రెండు పిల్లలు ఇక లేవవు. మూడోది ఊపిరి తీస్తోంది. దాన్ని అత్త తన రవికకు ఆనించి గోతంలో చుట్టుకుంది. గాలి కాస్త తగ్గగానే మందను మెల్లగా మళ్లించుకుని, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. వెతకబోయిన నలుగురూ అప్పటికే వట్టి చేతులతో తిరిగొచ్చారు.

కొట్టానికి పట్ట లేదు కనుక గొర్రెలు పట్టినన్ని వసారాలోకి, మిగిలినవి నేను కుట్టుపని చేసుకునే గదిలోకి వచ్చాయి. మిషను ఎత్తి మంచం మీద పెట్టాను. కొత్త అస్తరు గుడ్డ మూడు మీటర్లూ పిల్లను తుడవడానికే అయిపోయింది. కరెంటు లేదు. పొయ్యి ముందు మామ, ఆయన కాళ్ల మధ్య ఆ పిల్ల. అది కాసేపటికి తల ఎత్తి ఆయన వేలు చప్పరించింది. అప్పుడు అత్త పాలు వెచ్చబెట్టడానికి లేచింది.

నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. "నా వల్లే కదా మామా. నేనే చెప్పినాను వానలు పొయినాయని."

మామ పొయ్యిలోకి పుల్ల తోశాడు. "పేపర్లో తప్పు పడింది. నీ చదువులో తప్పు పడలా. ఇట్ట రా, చలి కాచుకో."

వచ్చి కూర్చున్నాను. వసారాలో గొర్రెలు నెమరేస్తున్న చప్పుడు. రెండు తల్లులు మాత్రం ఉండి ఉండి అరుస్తున్నాయి. అవి అరిచినప్పుడల్లా మామ అటు చూసి, మళ్లీ ఒళ్లోని పిల్లను చూసుకున్నాడు.

"ఇంతకీ ఆ ముసలోడు ఏమైనాడు? ఇంటికొచ్చినాడా?"

"నేనూ చదవలా ఇంకా."

కవరు విప్పాను. అంచులు కొద్దిగా చెమ్మగిల్లాయి, అక్షరాలు బాగానే ఉన్నాయి. అతుక్కున్న పేజీలను పొయ్యి సెగకు పట్టి ఒక్కొక్కటిగా విడదీశాను. మేం ఆపిన చోటు దొరికింది. చదవడానికి గొంతు సర్దుకుంటుంటే మామ చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు. మీ అత్తను కూడా రానీ."