గాడిలో సున్నం

మా ఇల్లు కట్టిన మేస్త్రి పోయాడు. బుధవారం పొద్దున ఓర్వకల్లు నుంచి ఆయన అల్లుడు వచ్చి, గడప అవతలే నిలబడి చెప్పాడు. బడికి సెలవు రాసి పంపి, అతని వెంటే బస్సెక్కాను.

కర్నూలు రాజధాని అయిన ఏడాది కల్లూరులో ఇల్లు మొదలుపెట్టాను. బడిపంతులుకు కరెంటు దీపాల ఇల్లంటే చిన్న సంగతి కాదు. నాకు కాస్త తలకెక్కింది కూడా. వైరు గొట్టం కోసం గోడలో గాడి కొట్టడానికి వచ్చిన మనిషి, నిలువుగా కొట్టాల్సింది దూలం కిందే అడ్డంగా కొట్టేశాడు.

“గోడ నడుము కోసేసినారే సారూ!” అన్నాడు మేస్త్రి. “ఈడ గానుగ సున్నమే పెట్టల్ల. రాయీ సున్నమూ కలిసిన గోడ ఇది, సిమెంటుతో పొత్తు కుదరదు. ఇరవై దినాలు తడపల్ల.”

గృహప్రవేశ ముహూర్తం నాలుగు రోజుల్లో ఉంది. పైగా నానా తిప్పలు పడి పర్మిట్టు మీద తెచ్చుకున్న సిమెంటు బస్తా ఇంట్లో ఉంది. “చెప్పింది చెయ్యి మేస్త్రీ,” అన్నాను. ఆయన సిమెంటే పెట్టాడు.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. దూలానికి కట్టిన ఉయ్యాలలో మా ఐదు నెలల పాప నిద్రపోతోంది. ఇల్లు కట్టిన చేతులకు బట్టలు పెట్టడం ఆనవాయితీ కదా, పంచె పట్టుకొని మేస్త్రిని పిలిచాను. ఏ గోడ దగ్గరికి పోయినా తట్టి చూడటం ఆయనకు అలవాటు. తాపీ పిడితో గాడి మీద తట్టాడు. డొల్లగా మోగింది. ఇంకోచోట తట్టాడు. అక్కడా అంతే. దూలం కింద వెంట్రుకంత బీట కనబడింది.

“పాపను తీయండి సారూ. బిన్నా!” ఆయన తొందర చూసి పాపను గబుక్కున ఎత్తుకున్నాను.

మా అత్త అడ్డం వచ్చింది. “పాలు పొంగిన దినమే గోడ పగలగొడతావా అప్పా?”

“గోడ పడినాక శకునం చూస్తారా అమ్మా?”

దూలం దిగకుండా కింద గుంజ పోటు పెట్టి ఉలి వేశాడు. సిమెంటు ఎండిన జొన్నరొట్టెలా అట్టగా ఊడి వచ్చింది. దాని వెనకే పిడికెడు రాయి జారి ఖాళీ ఉయ్యాలలో పడింది.

ఆ గాడిలో రాతి చిప్పలు పేర్చి, గానుగ సున్నం కూరి, తడి గోనె కప్పాడు. పంచె మాత్రం ముట్టలేదు. “నిలిచినాక తీసుకుంటా సారూ.” మూడు వారాలు మేం వసారాలోనే పడుకున్నాం. గాలికి తలుపు కొట్టుకున్నా లేచి కూర్చునేవాణ్ని.

ఇరవైరెండో నాడు వచ్చి గోడ తట్టాడు, చెవి ఆనించాడు. అక్కడక్కడ సున్నం మెత్తాడు. తర్వాత ఉయ్యాల తాడు రెండు చేతులా పట్టుకొని, ఉన్నట్టుండి కాళ్లు పైకెత్తేశాడు. ఆ పెద్ద మనిషి బరువంతా దూలం మీదే. గోడ కదలలేదు.

“ఇప్పుడు పడుకోబెట్టండి పాపను,” అని, సున్నం చేత్తోనే పంచె అందుకున్నాడు.

ఓర్వకల్లులో ఆయన భార్య పెట్టె తెరిచి ఆ పంచె బయటికి తీసింది. మడత విప్పనే లేదు.

“ఒక్క పండక్కీ కట్టలే సారూ. ‘తెలిసి తెలిసీ సిమెంటు పెట్టినాను, ఆ తప్పు నాది’ అంటాండె.”

తప్పు నాది. నాలుగేళ్లలో ఆ మాట ఆయనతో ఒక్కసారి కూడా అనలేకపోయాను. ఆమె పంచె విప్పి ఆయన మీద కప్పింది. అంచు మీద నాలుగు సున్నపు వేళ్ల గుర్తులు ఇంకా తెల్లగా ఉన్నాయి.