కొత్తది బండికి, పాతది సంచికి

భాయ్‌ని మట్టి చేసే వేళకి నేను అందలేదు. ఈ ముక్క రాయడానికి రెండేళ్లు పట్టింది. ఇన్నాళ్లలో నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ నిలదీయలేదు. అదే నా బాధ. నాలుగు తిట్టినా బాగుండేది.

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు ఆయనది. పన్నెండేళ్లు నా మోటార్‌సైకిల్‌ని చూసుకున్న మెకానిక్. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆఫీసుకి సెలవు పెట్టి, నేనొక్కణ్ణే బండి మీద దూరాలు పోతుంటాను. బయల్దేరే ముందు పనిముట్ల సంచి పట్టుకుని భాయ్ దగ్గరికి వెళ్లడం రివాజు. ఆయన నేలమీద గోనెపట్టా పరిచి సంచి బోర్లించేవాడు. ఒక్కో స్పానరూ తీసి, బండికి ఏ నట్టుకి పడుతుందో పెట్టి చూసేవాడు. దేనికీ పట్టనిదాన్ని పక్కకి తోసేవాడు. "ఇది బరువు సార్, పనిముట్టు కాదు," అనేవాడు. మిగిలినవాటిని దారిలో మోత రాకుండా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టేవాడు. తను మాత్రం బండి మీద పక్కనున్న ఉయ్యూరు దాటి పోయిన మనిషి కాదు. నేను తిరిగొచ్చాక టీ తెప్పించి, సంచిలోవి ఏవేవి వాడానో అడిగేవాడు. ఏదీ వాడలేదంటే మొహం వెలిగిపోయేది.

ఆయనకొక చట్టం ఉండేది. స్పేరుగా కేబులు కొంటే ఆ కొత్తదాన్ని సంచిలో పెట్టనిచ్చేవాడు కాదు. ముందు దాన్ని బండికి బిగించి, వారం రోజులు తిప్పించి, ఊడదీసిన పాతదాన్ని సంచిలో పెట్టేవాడు.

"కొత్తది బండికి, పాతది సంచికి. ప్యాకెట్లో ఉన్నదాని బుద్ధి మనకేం తెలుసు సార్? పాతది మన మనిషి."

"అయితే పెళ్లికి కూడా పాత చొక్కా వేసుకెళ్లమంటారా భాయ్?" అని ఎగతాళి చేసేవాణ్ణి. నవ్వేవాడు గానీ పట్టు వదిలేవాడు కాదు.

చివరి ఏడాది ఆయనకు షుగరు ముదిరింది. కాలి వేళ్లు రెండు తీసేశారు. ఒకప్పుడు గంటలో తేలే పనికి ఒక పూట పట్టేది. నాకా, ఓపిక లేదు. ఫోన్లో నాలుగు వీడియోలు చూసి పండితుణ్ణి అయిపోయాను మరి. ఆన్‌లైన్లో జిప్పులూ అరలూ ఉన్న సంచి తెప్పించాను, కొత్త కేబుళ్లు తెప్పించాను, అన్నీ నేనే సర్దుకున్నాను. బయల్దేరే ముందురోజు భాయే ఫోన్ చేశాడు.

"సంచి తేలేదేంటి సార్?"

"సాయంత్రం వస్తాను భాయ్."

వెళ్లలేదు. యాక్సిలరేటర్ కేబులు కొంచెం పట్టేసినట్టు లాగుతోందని నాకు తెలుసు. కొత్తది సీలు విప్పకుండా సంచిలో ఉందిగా, తెగితే చూద్దాంలే అనుకున్నాను. పోయేకాలం వస్తే బుద్ధి అలాగే ఏడుస్తుంది.

నాలుగో రోజుకి తిరుగు ప్రయాణంలో భద్రాచలం లాడ్జిలో ఉన్నాను. తెల్లారగానే భాయ్ తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్న పోయాడండి, ఇందాకే. మధ్యాహ్నం నమాజు అయ్యాక తీసుకెళ్తాం." అంటే ఒకటిన్నర. ఎంత నిదానంగా నడిపినా ఐదు గంటల దారి, నా చేతిలో ఏడు గంటలున్నాయి. ఆ మొహం ఒక్కసారి చూడాలి. వస్తానని చెప్పి రానందుకు లోపల్లోపలైనా ఒక మాట చెప్పుకోవాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేకపోయింది. వచ్చేస్తున్నానని తమ్ముడికి చెప్పి, ఏడుస్తూనే సామాను కట్టాను.

తిరువూరు దాటాక మామిడితోటల మధ్య కేబులు తెగింది. అప్పటికి పదిన్నర. కంగారు కూడా పడలేదు. సంచి తీసి ప్యాకెట్ చింపాను. కొత్త కేబులు నాలుగు వేళ్లు పొట్టి. చివరి గుండు హ్యాండిల్ గాడిలో కూర్చోనే లేదు. ప్యాకెట్ మీద నా బండి పేరు చూశాను గానీ ఏ మోడలో చూసుకోలేదు. షెడ్డులో బిగించి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది.

అంతలో విజయవాడ బస్సు వచ్చింది. డ్రైవరు నెమ్మది చేసి నా వంక చూశాడు, చెయ్యెత్తితే ఆపేవాడే. బండిని తోట కాపలాదారుకి అప్పజెప్పి ఎక్కేయాల్సింది. ఎక్కలేదు. భాయ్ ఇంటికి బస్సు దిగి వెళ్లడమేంటి, ఆయన చేతిలో బాగైన బండి మీదే వెళ్లాలి అనిపించింది. దాన్ని ప్రేమ అనుకున్నాను. ఏం ప్రేమ, ఒట్టి పొగరు. బస్సు వెళ్లిపోయింది.

యాక్సిలరేటర్ లేకుండానే బండి కదిలేలా ఐడ్లింగ్ స్క్రూ తిప్పి పెంచుకుని, సైకిలు వేగంతో మైలవరం దాకా వచ్చాను. ఎండకి ఇంజను వేడెక్కి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. అక్కడ రోడ్డు పక్క మెకానిక్ దగ్గర నా బండి కేబులు లేదు. సైకిల్ బ్రేకు వైరు కోసి, మెలిపెట్టి, రెండుసార్లు తెగ్గొట్టుకుని, మూడోసారికి నిలబెట్టాడు. దారిలో ఆగిపోయానని తమ్ముడికి ఫోన్ చేసే మొహం లేక, నేను వాచీ చూసుకుంటూ ఆయన మీద చిర్రుబుర్రులాడాను.

"నన్నంటే ఏం లాభమండీ? సరైన స్పేరు మీ దగ్గరుంటే ఇంత పని లేదుగా," అన్నాడాయన.

కొండపల్లి దగ్గరికి వచ్చేసరికి మూడు దాటింది. కబరస్తాన్ చేరేసరికి జనం గేటు బయటికి వస్తున్నారు. తమ్ముడు లోపలే ఉన్నాడు, చేతుల నిండా తడిమట్టి. నన్ను చూసి ఎదురొచ్చాడు.

"మీకోసం గంటన్నర ఆపామండి. మట్టి ఆలస్యం చేయకూడదని పెద్దవాళ్లు కోప్పడ్డారు. అయినా వదిన ఒప్పుకోలేదు. సార్ సంచి మా ఆయన కట్టిందేగా, దారిలో ఆగిపోరు, వచ్చేస్తారు అంటూ కూర్చుంది."

కేబులు తెగిందని చెప్పాను. స్పేరు పట్టలేదని చెప్పాను. మిగతాది కూడా చెబుదామని నోరు తెరిచాను.

ఈలోగా ఆయనే నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమనుకోకండి సార్. అన్నకి చివర్లో చూపు ఆనేది కాదు. ఏదో పొరపాటున పెట్టేసుంటాడు."

పన్నెండేళ్లలో నా సంచిలో ఒక్క తప్పు ముక్క పెట్టని మనిషి అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఈ మాట ఇంటికి చేరుతుందని, ఆవిడ వింటుందని నాకు తెలుసు. తెలిసీ తలూపాను.