బాపు ముందట బీడీ మాట

కాశిబుగ్గల మా ఇంటికి పొగాకు సర్వే మేడం రావడం ఇది మూడోసారి. ఏడాదికోసారి వచ్చి, ఎవరెవరు ఏం తాగుతున్నరో రాసుకొని పోతది. మా ఇంట్ల తండ్రి ముందట బీడీ పేరు ఎత్తరు. అందుకే రెండేండ్లూ మా అన్న, నేను "మాకు అలవాటే లేదు" అని చెప్పినం. బాపుకు మా అంగీల వాసన తెలుసు. అయినా మేం లేదన్నంత కాలం ఇంటి మర్యాద నిలబడ్డట్టే.

ఈసారి మేడం పెన్ను లాంటి కొత్త బ్యాటరీ సిగరెట్ బొమ్మ చూపించి, "ఇది వాడుతవా తమ్మీ?" అని నన్ను అడిగింది.

"అంత సదువు నాకు రాలే మేడం. ఏడో తరగతిలనే బడి బంద్ చేసిన. నాది బీడీ, రోజుకు ఒక కట్ట. రాసుకో."

మా అన్న నా కాలు తొక్కిండు. పక్కన్నే బట్ట నేస్తున్న బాపు మగ్గం ఆపిండు.

"నా ముందటనే అంటవారా?"

"నీ చాటుకు తాగుతనే ఉన్న కద బాపూ. పరీక్షలల్ల అన్నీ తప్పులే రాసిన. ఈ ఒక్క జవాబన్న సరిగ్గ ఉండనీ."

మేడం రాసుకుంది. బాపు మూడు రోజులు నన్ను చూస్తే మొఖం తిప్పుకున్నడు. నేను మాత్రం పూటపూటకు ఆయన ఎదురుంగనే కూసొని తిన్న. వచ్చే ఏడాది ఆమె మళ్లీ వస్తది. బీడీలు తగ్గినా, పెరిగినా, బాపు ముందటనే చెప్త.