నిద్ర మాస్టారి చివరి పేరా

నిద్ర మాస్టారు వీధిలోకి వస్తున్నారంటే కూరగాయల బండివాడు ముందు చేతిలో తక్కెడ కింద పెట్టేసేవాడు. ఈయన మాట్లాడతాడేమో, తాను నిలుచున్నపాటున పడిపోతానేమోనని వాడి భయం. మాస్టారు మాత్రం పాపం, జేబులోంచి చీటీ తీసి చూపించి, సంచీ తెరిచి పట్టుకునేవారు. ఆయన నోరు విప్పితే ఎదుటి మనిషి నాలుగో వాక్యానికల్లా నిద్రలోకి జారిపోతాడని ఆ పేటలో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఒకసారి గ్యాసు బండ కోసం ఫోను చేస్తే అవతలి అమ్మాయి గురక వినిపించింది. అప్పటినుంచి ఆయన ఫోను జోలికి పోలేదు. బస్సు డ్రైవరు ఆయన్ని ఆఖరి సీట్లో కూర్చోబెట్టి, దిగేదాకా పెదవి కదపనని మాట తీసుకునేవాడు.

ఇందులో సగం తాతగారి చలవ, సగం ఉద్యోగం చలవ. తాతగారు నిద్ర వైద్యం చేసేవారు. నిద్రపట్టని మనిషిని చాప మీద పడుకోబెట్టి, అరికాళ్లకి గోరువెచ్చని నువ్వులనూనె రాసి, నుదుటి మీద ఎడమ అరచెయ్యి ఆనించి, ఊపిరి లెక్కపెట్టమని చెప్పి, పది వాక్యాల ప్రార్థన ఒకటి నెమ్మదిగా చెప్పేవారు. మాస్టారు ఆ విద్యను చిన్నప్పుడే పట్టుకున్నారు. గొంతు మాత్రం రిజిస్ట్రేషన్ ఆఫీసులో తయారైంది.

ఆ ఆఫీసులో ఒక నియమం ఉండేది. సంతకాలు పడే ముందు దస్తావేజు మొత్తాన్ని రెండు పక్షాలకీ చదివి వినిపించాలి. ముప్పై ఒక్క ఏళ్లు మాస్టారి ఉద్యోగం అదే. దస్తావేజుకి ఒక వరస ఉంటుంది. ముందు మనుషుల పేర్లు, తండ్రుల పేర్లు, వయసు, నివాసం. ఆ తర్వాత ఆ ఆస్తి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందన్న పూర్వచరిత్ర. ఆ తర్వాత తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు. ఎవరు ఎవరికి ఏమిస్తున్నారన్న అసలు సంగతి చివరి పేరాలో గానీ రాదు. ఆ పేరా దాకా కళ్లు తెరిచి ఉన్నవాళ్లు ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కరూ లేరు. సాక్షులు ఒకరి భుజం మీద ఒకరు ఒరిగేవారు, ఆఫీసరు గారు సిరా దిండు మీద బుగ్గ ఆనించేవారు. ఇల్లు కొనుక్కుందామని వచ్చిన ఒకాయన నిద్రలేచి, కంగారులో అమ్మేవాడి గడిలో సంతకం పెట్టి, ఉన్న ఇల్లు పోగొట్టుకున్నాడు. ఫిర్యాదు చేస్తాడని అందరూ హడలిపోయారు. ఆయన మాత్రం పదేళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయానని మురిసిపోయి, ఆఫీసుకి ఒక మంచి కుర్చీ పంపించాడు.

ఉద్యోగ విరమణ అయ్యాక ముందుగది వైద్యశాల అయింది. అయిదు చాపలు, అయిదు దిళ్లు, నూనె వెచ్చబెట్టడానికి ఒక చిన్న పొయ్యి, కిటికీకి నీలంరంగు దుప్పటి. ఎవరూ మాస్టారు అని పిలవమనలేదు, ఆయన ఎవరికీ పాఠం చెప్పనూ లేదు. జనమే అలా అలవాటు చేశారు. నడుంనొప్పి వాళ్లు వచ్చేవారు, దిగుళ్లు పట్టుకున్నవాళ్లు వచ్చేవారు, కోడలి మీద కోపంతో రగిలిపోయే అత్తలు వచ్చేవారు. తోడు వచ్చినవాళ్లు చెవుల్లో దూది కుక్కుకుని వసారాలో కూర్చునేవారు. లేచాక మనుషులు నిజంగానే తేలికపడేవారు. నొప్పి ఉన్నచోటే ఉన్నా, దాన్ని చూసి బెదరడం తగ్గేది. మాస్టారు నిజాయితీ గల మనిషి. నేను రోగం నయం చేసేవాణ్ణి కాను, నిద్రపుచ్చుతానంతే, జబ్బుకి డాక్టరు దగ్గరికి వెళ్లండి అని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. ఆ ముక్క చివర్లో చెప్పేవారు. అప్పటికి ఎవరు విన్నారు గనక?

ఒకనాడు ప్రార్థన మరిచిపోయి, చేతికందిన నీళ్ల మోటారు కాగితాన్ని చదివారు. స్విచ్చి ఎక్కడ బిగించాలో చెప్పేలోపే అయిదుగురూ గురకపెట్టారు. ఆ వేళ మాస్టారికి అన్నం సయించలేదు. మహిమ ప్రార్థనది కాదు, నూనెది కాదు, తన మాట ఎవరికీ అక్కర్లేకపోవడంలోనే ఉందేమోనన్న అనుమానం మనసులో పడింది. అది ఎవరితోనైనా చెప్పుకుందామంటే వాళ్లూ నిద్రపోతారాయె.

ఇక ఇంట్లో సంగతి. పెళ్లయి ముప్పై నాలుగేళ్లు. మాస్టారి భార్య మాటకారి, నవ్వితే పక్కింటికి వినిపిస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో మొగుడు ఏదో చెప్పబోయేవాడు, ఈవిడ కళ్లు మూతలు పడేవి. తన ఆరోగ్యమే బాగోలేదనుకుని టానిక్కు కూడా తాగింది. చివరికి ఇద్దరూ ఒక ఏర్పాటుకి వచ్చారు. ఆవిడ మాట్లాడుతుంది, ఆయన చీటీలు రాస్తారు. ఆ చీటీలు చూడాలి. “విషయం: స్నానాల గదిలో సబ్బు అయిపోవుట గురించి. పై విషయమునకు సంబంధించి తమకు తెలియజేయునది ఏమనగా” అని మొదలయ్యేవి. ప్రేమగా ఒక్క ముక్క రాద్దామని కూర్చుంటే అది కూడా అర్జీలాగే తయారయ్యేది. ఆయన సిగ్గుపడి చింపేసేవారు. అందుకని మధ్యాహ్నాలు ఆవిడ పక్కన కూర్చుని నోటితోనే మొదలుపెట్టేవారు. ఆవిడ నిద్రపోయాక కూడా ఆపేవారు కాదు, మనసులో ఉన్నదంతా ఆ నిద్రపోయే మొహానికే చెప్పుకునేవారు. ఆవిడ లేచి, ఏదో అన్నారు కదూ, ఏమిటది అని అడిగేది. మాస్టారు తల అడ్డంగా ఊపేవారు.

అలాంటి ఇంట్లో ఆవిడ గుండె పాడైంది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవడం లేదు, ఆపరేషను చెయ్యాలన్నాడు డాక్టరు. ఆ మాట విన్నరోజు నుంచి ఆవిడకి కంటిమీద కునుకు లేదు. రక్తపోటు కొండెక్కి కూర్చుంది. ముందు నిద్ర పట్టాలి, పోటు దిగాలి, అప్పుడే కత్తి పడతానన్నాడాయన. మందులిచ్చినా లాభం లేక ఆపరేషను రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారీ ఇలాగే ఉంటే ఇక తన వల్ల కాదని చెప్పేశాడు. మాస్టారి భార్యకి నిద్ర పట్టడం లేదన్న వార్త ఊరంతా పాకింది. విన్నవాళ్లు విన్నట్టు ముక్కున వేలేసుకున్నారు.

మాస్టారు నూనె గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వచ్చారు. ఆవిడ కాళ్లు వెనక్కి లాక్కుంది.

“వద్దండీ. ముప్పై నాలుగేళ్లుగా మీరు నాకేదో చెప్పబోతున్నారు. నేను నిద్రపోతున్నాను. రేపు ఆ బల్ల మీద నుంచి లేస్తానో లేదో ఎవరికి తెలుసు? అదేమిటో చివరిదాకా విన్నాకే పడుకుంటాను.”

ఆవిడ వినాలంటే ఈయన మాట్లాడాలి, మాట్లాడితే ఆవిడ వినలేదు. బలవంతాన నిద్రపుచ్చితే నిలిచే నిద్ర కాదది. వద్దనుకున్నవాళ్లకి ఆయన గొంతు ఆగిన మరుక్షణం మెలకువ వచ్చేస్తుంది. ఆ సాయంత్రం మనసు రాయి చేసుకుని ప్రార్థన మొదలుపెట్టనే పెట్టారు. ఆవిడ కళ్లు మూసింది, ఆయన ఆపగానే ఉలిక్కిపడి లేచి, మోసం చేస్తారా అని ఏడ్చింది. రక్తపోటు ఇంకో మెట్టెక్కింది.

అప్పుడు తమ్ముడు రంగంలోకి దిగాడు. ఆవిడ తమ్ముడు గడియారాలు బాగుచేస్తాడు, ఏదైనా విప్పి చూస్తే బాగుపడుతుందని నమ్మే రకం. అక్క కాళ్లు చన్నీళ్ల బకెట్లో పెట్టించాడు. చేతికి పచ్చిమిరపకాయ ఇచ్చాడు. నువ్వు కునికితే గిల్లుతానక్కా అని పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, బావ మొదటి వాక్యం పూర్తి చెయ్యకముందే బకెట్లోకి ఒరిగాడు. నిలబడి వింటే నిద్ర రాదేమోనని ఆవిడ గోడకి చేరగిలబడి ప్రయత్నించింది, గోడకి చేరగిలబడే నిద్రపోయింది. మాస్టారు వసారాలోంచి అరిచి చెప్పి చూశారు. ఎదురింట్లో మేడ మీద బట్టలారేసే ఆవిడ తడి చీరతో సహా కూలబడింది.

మూడోసారి ఆపరేషనుకి పెట్టిన రోజుకి ముందురోజు వచ్చింది. ఆసుపత్రిలో ఆడవాళ్ల వార్డు, ఎనిమిది మంచాలు, ఉదయం పదిగంటలు. నర్సు రక్తపోటు చూసి తల అడ్డంగా ఊపి, డాక్టరుకి కబురు పంపింది. ఆయన వచ్చి ఆఖరి మాట చెప్పేస్తాడని వార్డంతటికీ అర్థమైంది. మాస్టారు లేచి నిలబడ్డారు. ఆవిడ మెడకి తడి తువ్వాలు చుట్టుకుని, పచ్చిమిరపకాయ పంటికింద పెట్టుకుని, కానివ్వండి అన్నట్టు చూసింది.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. వయసు అరవై ఒకటి గల తాను, వయసు యాభై ఆరు గల తన భార్యకి చెప్పునది ఏమనగా అని మొదలుపెట్టారు. రెండో వాక్యానికి నర్సు చేతిలో థర్మామీటరుతోనే ఖాళీ మంచం మీద వాలింది. నేల తుడిచే మనిషి కర్రకి గడ్డం ఆనించింది. డాక్టరు అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టి, ఏమిటీ గోల అనబోయి, తలుపు పట్టుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. పక్క మంచం మీది ముసలావిడ అప్పటికే ఇంకో లోకంలో ఉంది. మాస్టారు మాత్రం వరస తప్పలేదు. పెళ్లి ఎలా కుదిరిందో పూర్వచరిత్ర చెప్పారు. తామిద్దరూ ప్రస్తుతం ఉన్న స్థలానికి తూర్పున కిటికీ అన్నారు, దక్షిణాన మందుల బీరువా అన్నారు. ఆవిడ మిరపకాయ కసుక్కున కొరికింది, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, అయినా రెప్పలు వాలిపోతున్నాయి. పడమర అనబోతుండగా ఆవిడ చెయ్యి పైకెత్తింది.

“ఆగండి. ఆ చివరి పేరా ఏదో ముందు చదవండి.”

మాస్టారు కొయ్యబారిపోయారు. ముప్పై ఒక్క ఏళ్లలో ఈ మాట అడిగినవాళ్లు లేరు. అలా చదవొచ్చా? హద్దులు తేలకుండా అసలు సంగతి ఎలా చెబుతారు? చేతిలో లేని కాగితాన్ని తిరగేస్తున్నట్టు వేళ్లు కదిపారు. గుమ్మంలో నిద్రపోతున్న డాక్టరు వంకా, ఎర్రబడ్డ భార్య కళ్ల వంకా చూశారు.

“నాకు భయంగా ఉందే,” అన్నారు. “నువ్వు లేకపోతే నేను మాట్లాడటానికి మనిషే ఉండదు. నిద్రపోతూనైనా నా మాట విన్నది నువ్వొక్కదానివే.”

అంతే, మూడు వాక్యాలు. ఆవిడ కళ్లు ఇంతింత చేసుకుని చూసింది. మిరపకాయ తీసి గిన్నెలో పడేసింది.

“ఇదా? ఇది చెప్పడానికి ముప్పై నాలుగేళ్లా? ముందే ఈ ముక్కతో మొదలుపెడితే నేను మెలకువగానే ఉండేదాన్ని కదండీ.”

మాస్టారు ఏడ్చారు. అంత వయసు మనిషి అందరిముందూ చొక్కా అంచుతో మొహం తుడుచుకుంటూ ఏడ్చారు. ఆవిడ ఆయన చెయ్యి లాగి మంచం మీద కూర్చోబెట్టింది. మరి ఇన్నేళ్లూ నిద్రపోయిన మొహానికి ఏం చెప్పేవారో అదీ చెప్పమంది, అదీ వెనక నుంచి ముందుకి. ఆయన ఎక్కిళ్ల మధ్య ఒక పాత సంగతి ఎత్తుకున్నారు. మొదటిసారి అద్దెకి తీసుకున్న గది తాళం పాడవలేదట. తాళంచెవిని ఆయనే మురుక్కాలవలో పడేసి, ఆవిడ తిడుతుందని భయపడి, తాళమే పాడైందన్నారట. పాపం ఆవిడ తాళాలవాణ్ణి పట్టుకుని నానా మాటలూ అందట.

ఆవిడ నవ్వబోయింది. నవ్వు సగంలో ఉండగానే మెడ దిండు మీదికి వాలింది. నుదుటి మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు, అరికాళ్లకి నూనె లేదు. ఇన్నాళ్ల అలసట ఒక్కసారిగా వచ్చి పడింది.

చిత్రమేమిటంటే మాస్టారు మాట్లాడుతూనే ఉన్నారు, వార్డు మాత్రం లేస్తోంది. ఎక్కిళ్లతో చెబుతున్న ఆ గొంతులో దస్తావేజు చదివే పాత ధోరణి లేదు. నర్సు లేచి చీర సవరించుకుంది. నేల తుడిచే మనిషి కర్ర పక్కన పెట్టింది. డాక్టరు సిగ్గుపడుతూ వచ్చి, ఆవిడ చేతికి రక్తపోటు పట్టీ చుట్టి, అంకె చూసి, మళ్లీ చూసి, రేపు పొద్దున్నే తీసుకెళ్దాం, లేపకండి అని గొంతు తగ్గించి చెప్పాడు. చెప్పి వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. వార్డులో నిద్రపోతున్నది ఆవిడ ఒక్కతే.

భార్య నిద్రపోయింది కాబట్టి ఇక చాలనుకుని మాస్టారు అలవాటుగా నోరు మూసుకున్నారు. పక్క మంచం మీది ముసలావిడ మోచేతి మీద పైకి లేచింది.

“తర్వాత ఏమైంది బాబూ? తాళాలవాడు ఏమన్నాడు?”

ఆ ప్రశ్న ఆయన్ని జీవితంలో ఎవరూ అడగలేదు. మాస్టారు అందరి మొహాలూ ఒకసారి చూశారు. అన్ని కళ్లూ తెరిచే ఉన్నాయి. భార్య మీద దుప్పటి సర్ది, ముసలావిడ వైపు తిరిగి కూర్చుని, తాళాలవాడు ఏమన్నాడో చెప్పారు.